గురువారం కాని రోజు

"నా కుర్చీ ఏది?"

లొరెట్టా పలంబో ఈ మాట అడిగింది మనిషిని కాదు, ఒక ఎర్ర పికప్ ట్రక్కుని. అది జవాబు చెప్పలేదు. ఆమె పొద్దున రెండు గంటల పాటు నడుం విరిగేలా తవ్విన నేల మీద నాలుగు చక్రాలూ ఆనించి, సుఖంగా నిలబడి ఉంది.

మంగళ, బుధవారాలు ఏకధాటిగా మంచు కురిసింది. గురువారం తెల్లారగానే లొరెట్టా పార పట్టుకుని మోకాటి లోతు మంచులోంచి కారుని బయటికి తీసి, ఖాళీ అయిన చోట్లో వంటింటి కుర్చీ ఒకటి పెట్టి, బజారు పనుల మీద వెళ్ళింది. దక్షిణ ఫిలడెల్ఫియాలో దానర్థం పసిపిల్లలకి కూడా తెలుసు: ఇది నేను తవ్వుకున్న చోటు, నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకండి. ఈ చట్టాన్ని పోలీసులు ఒప్పుకోరు. ఆ వీధి మాత్రం ఇది తప్ప ఇంకే చట్టాన్నీ ఒప్పుకోదు.

ఎదురింటి కిటికీ పైకి లేచింది. మిసెస్ గిల్‌హూలీ తల బయటికి వచ్చింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. వీధిలో జరిగేవన్నీ ఆవిడకి తెలుసు. జరగనివి ఇంకా బాగా తెలుసు.

"నేను చూశానమ్మాయ్! పొడుగ్గా ఉన్నాడు, నెత్తిన టోపీ లేదు. కుర్చీ చంకన పెట్టుకుని పోయాడు. పైగా ఈల వేసుకుంటూ!"

"మరి ఆపలేదా మీరు?"

"అప్పుడే స్నానం చేసి వచ్చాను. తువ్వాలుతో వీధిలోకి దూకమంటావా?"

ఇంతలో ఆ ఈలే వినిపించింది. వీధి మలుపులోంచి పొడుగాటి మనిషి ఒకడు జారుకుంటూ, నిలదొక్కుకుంటూ వస్తున్నాడు. అతని చేతుల్లో ఒక కుర్చీ. నీలానికీ పచ్చకీ మధ్య ఎక్కడో తప్పిపోయిన రంగులో ధగధగలాడుతోంది.

"ఎవరో పాపం ఇంత గట్టి కుర్చీని మంచులో పారేశారండీ," అన్నాడు అతను, అడక్కుండానే. "గీకి, నునుపు చేసి, రంగేశాను. ఎవరికైనా పనికొస్తుందని తిరుగుతున్నా. మీకు కావాలా?"

"అది నాదే!"

"చూశారా! వెతుక్కుంటూ మీ దగ్గరికే వచ్చింది."

"ఆ ట్రక్కెవరిది?"

"నాదేనండీ. ఎంత అదృష్టమో! వీధి మొత్తం మీద ఈ చోటొక్కటే శుభ్రంగా ఖాళీగా ఉంది. అచ్చం నా కోసమే తవ్విపెట్టినట్టు."

ఆ తర్వాత లొరెట్టా మాట్లాడింది. పదకొండు నిమిషాలు మాట్లాడిందని మిసెస్ గిల్‌హూలీ గడియారం చూసి చెప్పింది. కుర్చీ అంటే ఏమిటో, చోటంటే ఏమిటో, పరాయి ఊరి నంబరు ప్లేటు తగిలించుకున్నంత మాత్రాన బుద్ధి ఎందుకు ఇంట్లో వదిలేసి రాకూడదో, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చివర్లో ఆమె గొంతు హఠాత్తుగా సన్నబడింది.

"అది మా నాన్న కుర్చీ. ముప్పై ఏళ్ళు గోధుమ రంగులో ఉంది."

అతని మొహంలో రంగు పోయింది. వెంటనే ట్రక్కు తీసి, ఎక్కడో తొమ్మిది వీధుల అవతల పెట్టి, కాలినడకన వచ్చి, క్షమించమని అడిగే సరికి లొరెట్టా తలుపేసుకుంది. ఆమె చేతి తొడుగులు రెండూ నీలిపచ్చ రంగయ్యాయి. కుర్చీకి రంగింకా ఆరలేదు మరి.

లొరెట్టాకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఆమె ఉద్యోగం ఊరి అత్యవసర ఫోన్లు అందుకోవడం. ఇల్లు తగలబడుతున్నా, బిడ్డ అడ్డం తిరిగినా జనం తొమ్మిది ఒకటి ఒకటి నొక్కితే అవతల వినిపించే నిదానమైన గొంతు ఆమెదే. పోయిన ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పక్క బల్ల దగ్గరి అమ్మాయి ఒక చిరునామా పైకి చదివింది. అది లొరెట్టా ఇంటి చిరునామా. ఫోన్ చేసింది మిసెస్ గిల్‌హూలీ. అంబులెన్సు వెళ్ళేసరికే నాన్న వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ చెవికి హెడ్‌సెట్ తగిలించుకుంటే ఆమె చేతులు వణుకుతున్నాయి. పైఅధికారిణి మంచిది. మార్చి ఒకటో తారీఖు దాకా ఆమె చోటు అలాగే ఉంచుతానంది. ఆ తర్వాత ఉంచడం తన చేతుల్లో లేదంది. వెళ్ళేటప్పుడు ఒక కరపత్రం చేతిలో పెట్టింది: ఆనందానికి అభ్యాసాలు, ఆరు వారాలు, పేట లైబ్రరీలో, ప్రతి మంగళవారం.

లొరెట్టాకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ పట్టుదల ఉంది. 'సంతోషం కూడా కండ లాంటిదే, కసరత్తు చేస్తే పెరుగుతుంది' అని కరపత్రంలో ఉంది. సరే, చేద్దాం అనుకుంది. పెరక్కపోతే అప్పుడు అడుగుతాను.

మొదటి మంగళవారం మంచు వల్ల వెళ్ళలేకపోయింది. రెండో మంగళవారం కొత్త నోటుబుక్కు, చెక్కిన పెన్సిళ్ళు మూడు పట్టుకుని బాక్సింగుకి వెళ్ళినట్టు వెళ్ళింది. పాఠం చెప్పే మిసెస్ బాస్కమ్ ముప్పై ఏళ్ళు బడిపిల్లల గోడు విని రిటైరైన మనిషి. అందరినీ జంటలుగా కూర్చోబెట్టింది.

"నువ్వు కొత్తగా వచ్చావు కదూ, బంగారం. ఆ మూల జంట లేకుండా ఒకడున్నాడు. అక్కడ కూర్చో."

మూల కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. నెత్తిన కొత్త ఉన్ని టోపీ. ఆమెని చూసి అది తీసి గుండెలకి ఆనించుకున్నాడు.

"ఎమ్మెట్ సలాజార్ అండీ. కుర్చీ దొంగని."

"గుర్తుంది."

"బళ్ళో వడ్రంగం నేర్పుతాను. అరిజోనా నుంచి వచ్చి నాలుగు నెలలైంది. మాకు మంచు ఉండదు. అందుకని కుర్చీ చట్టం కూడా లేదు."

"ఆ రంగు మాత్రం ఉందేం?"

"మా ఊళ్ళో తలుపులన్నీ అదే రంగండీ."

అభ్యాసం చిన్నదే. రోజూ పడుకోబోయే ముందు ఆ రోజు జరిగిన మంచి మూడు రాయాలి. ఎందుకు జరిగిందో కూడా రాయాలి. జంటలో ఒకరిది ఒకరికి చదవాలి. రెండోవాళ్ళు సలహాలివ్వకుండా మూడు ప్రశ్నలడగాలి. ఎమ్మెట్ తన నోటుబుక్కు తెరిచాడు.

"గురువారం. ఒకటి, ట్రక్కుకి మంచి చోటు దొరికింది."

"ఊఁ."

"రెండు, పాడైన కుర్చీ ఒకటి బాగు చేశాను. మూడు..." కాస్త ఆగాడు. "ఒకమ్మాయి పదకొండు నిమిషాలు తిట్టింది. ఎందుకు మంచిదంటే, ఈ ఊరొచ్చాక నాతో అంతసేపు ఎవరూ మాట్లాడలేదు."

లొరెట్టా కిటికీలోంచి బయటికి చూసింది. చూడటానికి అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. తన పెదవి ఒక మూల నుంచి పైకి లేస్తోందని ఆమెకి తెలుసు. దాన్ని కిందికి దించడానికి కొంత టైము పట్టింది.

"మీవి చదవండి," అన్నాడు.

"నిద్రపోయాను. లేచాను. మూడోది లేదు."

"లేవడం ఎందుకు జరిగింది?"

"అలారం మోగింది."

"అలారం ఎవరు పెట్టారు?"

"నేనే."

"ఎందుకు పెట్టుకున్నారు?"

లొరెట్టా నోటుబుక్కు మూసేసింది. ఇంటికి వెళ్ళాక నోటుబుక్కు తీసి మూడో గీత మీద రాసింది: మార్చి ఒకటికి నేను పనిలో ఉండాలి. కింద రెండుసార్లు గీత గీసింది. పెన్సిలు ముక్కు విరిగింది.

ఆ తర్వాత వారాలు తొందరగా గడిచాయి. రోజూ సాయంత్రం ఇద్దరూ తమ మూడేసి మంచి సంగతులు ఫోన్లో పంపుకునేవారు. మొదట్లో ఆమెవి పచారీ జాబితాలా ఉండేవి. ఫిబ్రవరి వచ్చేసరికి వాక్యాలయ్యాయి. 'మిసెస్ గిల్‌హూలీ నా కుర్చీ చూసి తన కళ్ళు పోయాయంది, నవ్వొచ్చింది.' 'మూల కొట్టు ప్రెట్జెల్ రొట్టె వేడిగా దొరికింది.' హెడ్‌సెట్ ఒకటి ఆమె ఇంట్లో ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది. ఒకరోజు డబ్బా తెరిచింది. ఇంకోరోజు బయటికి తీసింది. 'రెండు నిమిషాలు పెట్టుకున్నాను' అని పంపిన సాయంత్రం ఎమ్మెట్ ఫోనే చేశాడు.

"పెట్టుకున్నప్పుడు ఏం వినిపించింది?"

"ఏమీ వినిపించలేదు. అదే బావుంది."

"చేతులో?"

"వణికాయి. కానీ నేను తియ్యలేదు."

"రేపెన్ని నిమిషాలు?"

"మూడు ప్రశ్నలైపోయాయి, మిస్టర్ సలాజార్."

"నాలుగోది అప్పు పెట్టుకుంటాను. మూడు నిమిషాలా?"

"ఐదు," అంది లొరెట్టా మొండిగా.

మిగతా మంచి సంగతులు ఫోన్లో రావు కదా, గుమ్మంలోకి వచ్చేవి. ఒక గురువారం మెట్ల మీద వేడి వేడి మొక్కజొన్న సూపు గిన్నె. ఇంకో గురువారం ఆమె కారు మీది మంచు ఎవరో తుడిచిపెట్టారు. మరో గురువారం ఎప్పటి నుంచో వెలగని కారు ముందు లైటు వెలిగింది. "ఆ పొడుగాటి అబ్బాయే. ఇప్పుడు టోపీ పెట్టుకుంటున్నాడు. మనిషి బాగుపడుతున్నాడు," అంది మిసెస్ గిల్‌హూలీ కిటికీలోంచి.

మీరు కాస్తా నువ్వు అయింది. ఎప్పుడయిందో ఇద్దరిలో ఎవరూ తేదీ రాసుకోలేదు. ఆమె నోటుబుక్కులో మాత్రం మూడో గీత మీద తరచూ ఒకే పేరు కనిపించసాగింది. ఎందుకు జరిగింది అన్నచోట ఆమె ఖాళీ వదిలేసేది. ఆ ఒక్క విషయంలో ఆమె పట్టుదల పనిచేయలేదు.

ఐదో మంగళవారం మిసెస్ బాస్కమ్ చప్పట్లు కొట్టింది.

"మొదటి వారం ఇచ్చిన పని గుర్తుందా? వారంలో ఒకరోజు ఎంచుకోవాలి, ఆ ఒక్కరోజులోనే ఐదు మంచి పనులు చేయాలి. రోజుకొకటి చొప్పున చిలకరిస్తే మనసుకి అంటదని చెప్పాను. మీ కాగితాలు చదవండి. ఎమ్మెట్, మొదలుపెట్టు నాయనా."

ఎమ్మెట్ మెడ ఎర్రబడింది. "నాది... బాగా రాలేదండీ."

"సిగ్గెందుకు, ఇలా ఇవ్వు." ఆవిడే కాగితం లాక్కుని చదివింది. "నీ రోజు గురువారం. బావుంది. జనవరి ఇరవై ఎనిమిది: లొరెట్టాకి సూపు. ఫిబ్రవరి నాలుగు: లొరెట్టా కారు మీద మంచు. పదకొండు: లొరెట్టా కారు లైటు. అబ్బో!"

క్లాసంతా నవ్వింది. లొరెట్టా నవ్వలేదు. మొదటి వారం ఆమె లేదు. ఈ ఒకరోజు సంగతి ఆమెకి ఇప్పుడే తెలిసింది. ఆమె బుర్ర ఫోన్లు అందుకునే బుర్ర. తేదీ, వారం, చోటు, మనిషి, అన్నీ క్షణంలో వరుసలో పడతాయి. పడ్డాయి.

లైబ్రరీ మెట్ల మీద అతను వెనకాలే వచ్చాడు.

"లొరెట్టా, ఒక్క నిమిషం..."

"శుక్రవారం నాడు నువ్వు నాకు ఎప్పుడైనా ఏమైనా చేశావా?"

అతను టోపీ సర్దుకున్నాడు.

"శనివారం? ఆదివారం?"

"లేదు. కానీ..."

"అంటే నేను నీ హోంవర్క్. సూపుకి ఒక టిక్కు, లైటుకి ఒక టిక్కు. పుస్తకంలో రాసుకుని మార్కులేయించుకున్నావు."

"అది కాదు. గురువారమైతే నాకు..."

"నేను ఆ సూపు గిన్నె కడిగి బోర్లించి మూడు రోజులు చూసుకున్నాను, ఎమ్మెట్! గిన్నెని!" ఆమె కండువా గట్టిగా చుట్టుకుంది. "క్లాసు మానను. మార్చి ఒకటీ మానను. నిన్ను మానేస్తాను."

మర్నాడు పొద్దున అతని గుమ్మంలో నీలిపచ్చ కుర్చీ ప్రత్యక్షమైంది. దానికి అంటించిన చీటీలో ఉంది: 'మీ హోంవర్క్ మీ దగ్గరే ఉంచుకోండి. కాలు కూడా ఊగుతోంది.' 'మీ' అన్న అక్షరం దగ్గర ఎమ్మెట్ చాలాసేపు ఆగిపోయాడు.

ఆఖరి మంగళవారం ఆమె గదికి ఆ చివర కూర్చుంది. ఒక రిటైరైన ప్లంబరుతో జంట కట్టి, తన మూడూ చదివింది. ఒకటి, హెడ్‌సెట్ నలభై నిమిషాలు పెట్టుకున్నాను. రెండు, చేతులు వణకలేదు. మూడు, మూడోది లేదు. ప్లంబరుకి ప్రశ్నలడిగే అలవాటు లేదు. "భేష్," అన్నాడు. ఈ చివర ఎమ్మెట్ నోటుబుక్కు మూసే ఉంది.

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ మంచు మొదలైంది. సోమవారం మార్చి ఒకటి. డ్యూటీ ఏడింటికి. లొరెట్టా నాలుగున్నరకే లేచి, బూట్లు బిగించి, పార భుజాన వేసుకుని తలుపు తీసింది. ఎంత మంచున్నా తవ్వుతాను, దారిలో ఏదొచ్చినా తవ్వుతాను అనుకుంటూ మెట్లు దిగింది.

తవ్వడానికి ఏమీ లేదు. మెట్లు శుభ్రంగా ఉన్నాయి. కారు చుట్టూ నేల నల్లగా తళతళలాడుతోంది. వీధి దీపం కింద ఒకడు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. టోపీ మీద నాలుగంగుళాల మంచు. ఒళ్ళో పార.

"ఈ రోజు సోమవారం," అన్నాడు ఎమ్మెట్. పళ్ళు టకటకమన్నాయి.

"తెలుసు."

"గురువారం కాదు. క్లాసు కూడా అయిపోయింది. ఎవరికీ చూపించేది లేదు."

లొరెట్టా పార దించింది. "ఎన్నింటికొచ్చావు?"

"అది మొదటి ప్రశ్నా?"

"ఎమ్మెట్!"

"మూడున్నరకి." అతను లేచాడు. కోటు కరకరలాడింది. "గురువారమైతే నాకు ధైర్యం ఉండేది. అంతే, ఇంకేం లేదు. ఎవరైనా ఎందుకు చేశావంటే క్లాసు పని అని తప్పించుకోవచ్చు. మిగతా ఆరు రోజులూ నీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయేవాణ్ణి. కావాలంటే మిసెస్ గిల్‌హూలీని అడుగు."

కిటికీ లేచింది. "నిజమేనమ్మాయ్! శనివారాలైతే రెండేసి సార్లు! దొంగేమోనని పోలీసులకి చెబుదామనుకున్నా!"

"మీరింకా నిద్రపోలేదా?"

"ఇలాంటివి జరుగుతుంటే ఎవరికి నిద్ర పడుతుంది?"

లొరెట్టా నవ్వు ఆపుకుంది. కోపం కూడా ఆపుకుంది. రెండూ ఒకేసారి ఆపడం కష్టమని అప్పుడే తెలిసింది.

"నీకొకటి చూపించాలి," అన్నాడతను. "కాలు బిగించడానికి కుర్చీ తిరగేశాను. పైనంతా గీకి పాడుచేశాను కానీ, అదృష్టం బావుండి అడుగు ముట్టుకోలేదు."

కుర్చీని బోర్లించి ఫోన్ లైటు వేశాడు. అడుగుచెక్క ఇంకా గోధుమ రంగులోనే ఉంది. దాని నిండా పెన్సిలు రాత. సన్నటి, ఒక పక్కకి ఒరిగిన అక్షరాలు. ఆ చేతిరాత ఎక్కడున్నా ఆమె గుర్తుపడుతుంది. ఆమెని లోరీ అని పిలిచే నాన్నది.

'లోరీకి ఆరేళ్ళు. నాలుగు గంటలు తవ్వాను. కాఫీ తెచ్చింది. చక్కెరనుకుని ఉప్పేసింది. తాగాను.'

'లోరీకి పదమూడు. నాతో మాట్లాడటం లేదు. కానీ పార పట్టుకొచ్చి పక్కన నిలబడింది.'

'లోరీకి పందొమ్మిది. మధ్యలో ఆపి ఇద్దరం మంచులో వెల్లకిలా పడుకున్నాం. చచ్చామనుకుని గిల్‌హూలీ అంబులెన్సుని పిలిచింది.'

ప్రతి చలికాలానికీ ఒక మంచి సంగతి. ఏ క్లాసుకీ వెళ్ళకుండా, ఎవరికీ చదివి వినిపించకుండా, కుర్చీ కింద. చిట్టచివరి వరుస దగ్గర లొరెట్టా వేలు ఆగింది.

'లోరీ మొదటి డ్యూటీ. పొద్దున్నే వెళ్ళింది. వచ్చేదాకా చోటు నేను చూస్తాను.'

మంచు చప్పుడు లేకుండా పడుతోంది. లొరెట్టా ఆ వరుసని వేలితో మళ్ళీ తడిమింది. ఏడ్చిందని చెప్పడానికి లేదు, మంచు కూడా మొహం మీదే పడుతోంది.

"టైమెంతైంది?" అంది చివరికి.

"ఐదూ ఇరవై."

"అయితే వెళ్ళాలి."

"వెళ్ళు." ఎమ్మెట్ కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "భయంగా ఉందా?"

"ఉంది."

"చేతులో?"

ఆమె చేతి తొడుగులు తీసి రెండు చేతులూ దీపం వెలుగులో చాచింది. ఇద్దరూ వంగి చూశారు. చలికి ఎర్రగా ఉన్నాయి. కదల్లేదు.

"మూడో ప్రశ్న?" అంది ఆమె.

"వచ్చాక అడుగుతాను."

కారు వీధి చివర మలుపు తిరిగింది. ఎమ్మెట్ కుర్చీని నిలబెట్టి ఖాళీ చోట్లో నడిమధ్యన వేశాడు. తానూ అందులో కూర్చున్నాడు.

"ఒరేయ్ బాబూ, కుర్చీ ఒక్కటుంటే చాలు! మనిషి అక్కర్లేదు!" అంది మిసెస్ గిల్‌హూలీ.

"ఈ వీధిలో కుర్చీల్ని ఎత్తుకుపోయేవాళ్ళున్నారండీ. నాకు బాగా తెలుసు."

ఆ రోజు మంచుకి బడులు మూసేశారు. పదకొండింటికి ఆవిడ దుప్పటి కప్పుకుని వచ్చి, "లే, పోయి ఏమైనా తిను, చచ్చి నా ప్రాణానికి చుట్టుకుంటావు," అని అతన్ని లేపి రెండు గంటలు తానే కూర్చుంది. ఆ రెండు గంటల్లో ఆ చోటు వంక కన్నెత్తి చూసే ధైర్యం ఒక్క కారుకీ లేకపోయింది.

నాలుగు దాటాక లొరెట్టా కారు మలుపు తిరిగింది. ఎమ్మెట్ లేచి, కుర్చీ ఎత్తి పక్కకి జరిగాడు. కారు వచ్చి తన చోట్లో తాను నిలబడింది. ఆమె అద్దం దించింది. జుట్టు మీద హెడ్‌సెట్ నొక్కిన గీత ఇంకా ఉంది.

"ఎన్ని?" అన్నాడు.

"నలభై ఒక్క ఫోన్లు. ఒకాయన బాత్రూములో ఇరుక్కున్నాడు. ఒకావిడకి ఆడపిల్ల పుట్టింది, ట్యాక్సీలో. గట్టిగా ఊపిరి తీసుకోమని నేనే చెప్పాను. నా గొంతు నాకే వినిపించింది, ఎమ్మెట్. పాత గొంతు."

"రెండోది?"

"నా చోటు నాకుంది. అక్కడా ఉంది, ఇక్కడా ఉంది."

"మూడోది ఉందా ఇవాళ?"

లొరెట్టా కారు దిగింది. అతని చేతుల్లోంచి కుర్చీ తీసుకుని మంచు మీద బోర్లించింది. బ్యాగులోంచి పెన్సిలు తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, నాన్న రాసిన చివరి వరుస కింద ఏదో రాసింది. లేచి, అతని టోపీ మీది మంచు దులపకుండానే కోటు కాలరు పట్టుకుని దగ్గరికి లాగి ముద్దు పెట్టుకుంది.

ఎదురింటి కిటికీ ధన్‌మని మూసుకుంది. తర్వాత రెండంగుళాలు తెరుచుకుంది.

కాసేపయ్యాక ఎమ్మెట్ వంగి కుర్చీ అడుగున చూశాడు. ఒక్క మాటే ఉంది.

'సోమవారం.'